ఎండ ఊరికే వస్తుంది, దీపానికి డబ్బెలా?

ఎండ ఊరికే వస్తుంది. దాన్ని ఎవరూ అమ్మరు. ఎవరూ కొనరు. మేడ మీదా పడుతుంది, గుడిసె మీదా పడుతుంది.

కానీ ఆ ఎండతో దీపం వెలిగించాలంటే సామాను కావాలి. సామానుకు డబ్బు కావాలి. ఆ డబ్బంతా ఒక్కసారే కావాలి. పేదింటికి చిక్కు వచ్చేది అక్కడే.

ప్రపంచంలో కరెంటు లేని ఇళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. 2022 లెక్క ప్రకారం సుమారు 68 కోట్ల మందికి కరెంటు లేదు. వాళ్ళలో ఎక్కువమంది ఆఫ్రికా ఖండంలోని పేద దేశాల వాళ్ళు. అక్కడ ఎండకు కొదవ లేదు. అయినా రాత్రయితే ఇంట్లో చీకటే.

ఈ చిక్కును మన పక్క దేశం బంగ్లాదేశ్ చాలావరకు విప్పింది. 2003 నుంచి 2018 వరకు అక్కడ 41 లక్షల సోలారు సెట్లు పల్లె ఇళ్ళకు వెళ్ళాయి. సుమారు 2 కోట్ల మందికి వెలుగు వచ్చింది. కొన్నవాళ్ళు పెద్ద డబ్బున్నవాళ్ళు కాదు. రైతులు, చేపలు పట్టేవాళ్ళు, చిన్న కొట్లు నడిపేవాళ్ళు. మరి వాళ్ళు ఎట్లా కొనగలిగారు?

బుడ్డి దీపం చవకేనా?

కరెంటు లేని ఇంట్లో కిరసనాయిలు దీపమే దిక్కు. కిరసనాయిలుకు ఒక సుఖం ఉంది. కొంచెం కొంచెంగా కొనుక్కోవచ్చు. చేతిలో పది రూపాయలుంటే పది రూపాయలదే తెచ్చుకోవచ్చు. అందుకే అది చవక అనిపిస్తుంది.

లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. ఒక ఇంట్లో రోజుకు 10 రూపాయలు దీపానికి పోతున్నాయి అనుకుందాం. నెలకు 300 రూపాయలు. ఏడాదికి 3,650 రూపాయలు. మూడేళ్ళకు 10,950 రూపాయలు. మూడేళ్ళ తర్వాత ఇంట్లో ఏం మిగిలింది? మసి పట్టిన గోడ మిగిలింది. నాలుగో ఏడు మళ్ళీ సీసా పట్టుకుని కొట్టుకు వెళ్ళాల్సిందే.

కిరసనాయిలుతో పాటు ఇంకా ఖర్చులు ఉంటాయి. టార్చిలైటుకు సెల్లులు కొనాలి. సెల్‌ఫోన్ చార్జింగుకు బజారుకు పోయి డబ్బులిచ్చి పెట్టించుకోవాలి.

డబ్బు ఒక్కటే కాదు, ఒంటికీ నష్టమే. దీపం పొగ ఇంట్లోనే తిరుగుతుంది. పిల్లలు ఆ పొగలోనే చదవాలి. ఆడవాళ్ళు ఆ పొగలోనే వండాలి, కుట్టుకోవాలి. దీపం తన్నుకుంటే బట్ట అంటుకుంటుంది, గుడిసె అంటుకుంటుంది. ఇంత చేసీ అది ఇచ్చే వెలుగు చాలా తక్కువ.

సోలారు సెట్టులో ఏముంటాయి?

ఇంటికి పెట్టే సోలారు సెట్టులో ముఖ్యంగా నాలుగు వస్తువులు ఉంటాయి.

ఒకటి, పలక. ఇది ఇంటి పైకప్పు మీద ఉంటుంది. దీనిలో సిలికాన్ అనే పదార్థం ఉంటుంది. ఇసుకలో ఉండేది కూడా ఇదే పదార్థం. దాన్ని బాగా శుద్ధి చేసి పలచని బిళ్ళలుగా కోస్తారు. ఎండ పడితే ఆ బిళ్ళల్లో కరెంటు పుడుతుంది. దీనిలో తిరిగేది, అరిగేది ఏమీ లేదు. అందుకే మంచి పలక 20 ఏళ్ళు, ఇంకా ఎక్కువ కూడా పనిచేస్తుంది.

రెండు, బ్యాటరీ. పగలు పుట్టిన కరెంటును ఇది దాచి ఉంచుతుంది. రాత్రి మనకు ఇస్తుంది. ధాన్యానికి గాదె ఎట్లాగో, కరెంటుకు బ్యాటరీ అట్లాగ.

మూడు, కంట్రోలరు. ఇది చిన్న డబ్బా. బ్యాటరీ నిండగానే పలక నుంచి వచ్చే కరెంటును ఆపుతుంది. బ్యాటరీ మరీ ఖాళీ అయ్యే ముందు దీపాలను ఆపుతుంది. గాదెకు కాపలా మనిషి లాంటిది ఇది.

నాలుగు, దీపాలు, వైర్లు, స్విచ్చులు. సెల్‌ఫోన్ చార్జింగుకు ఒక చోటు కూడా ఉంటుంది.

ఈ నాలుగింటిలో ముందుగా పాడయ్యేది బ్యాటరీ. సీసంతో చేసిన బ్యాటరీని బాగా చూసుకుంటే ఐదేళ్ళ దాకా వస్తుంది. చూసుకోకపోతే ఏడాది రెండేళ్ళకే చచ్చిపోతుంది. సోలారు కొనేవాళ్ళు పలక ధర ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. కొన్నేళ్ళకొకసారి కొత్త బ్యాటరీ కొనాలి. ఆ డబ్బు కూడా ముందే లెక్కలో వేసుకోవాలి.

ధర ఎట్లా దిగింది?

ఒకప్పుడు సోలారు పలక బంగారంతో సమానం. 1977లో ఒక్క వాటు పలకకు సుమారు 76 డాలర్లు అయ్యేది. అంటే చిన్న దీపం వెలిగించడానికే వందల డాలర్లు కావాలి. ఇప్పుడు ఒక వాటు పలకకు డాలరులో మూడో వంతు కూడా కాదు. ఫ్యాక్టరీలు పెరిగాయి. తయారుచేసే పద్ధతి మెరుగుపడింది. ఎక్కువ తయారయ్యే కొద్దీ ధర దిగుతూ వచ్చింది.

రెండో మార్పు దీపంలో వచ్చింది. పాత రకం తీగ బల్బు 40 వాట్ల కరెంటు తిని కొద్దిగా వెలుగు, ఎక్కువగా వేడి ఇచ్చేది. ఎల్ఈడీ బల్బు 4, 5 వాట్లతోనే అంత వెలుగు ఇస్తుంది. తెల్లని ఎల్ఈడీ దీపానికి నీలి రంగు ఎల్ఈడీ ఆధారం. దాన్ని కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

పేదింటికి దీనివల్ల ఏం లాభం? దీపం తక్కువ కరెంటు తింటే చిన్న పలక చాలు. చిన్న బ్యాటరీ చాలు. అంటే సెట్టు మొత్తం ధర దిగుతుంది. బంగ్లాదేశ్‌లో మొదట్లో ఎక్కువగా 50 వాట్ల సెట్లు కొన్నారు. ఎల్ఈడీలు వచ్చాక 20 వాట్ల సెట్టుతోనే మూడు నాలుగు దీపాలు వెలిగాయి. ఇంకా పేదవాళ్ళు కూడా కొనగలిగారు.

ఐతే ధర ఎంత దిగినా, మొత్తం డబ్బు ఒక్కసారే పెట్టమంటే కూలి ఇంటివాళ్ళు పెట్టలేరు. అందుకే ధర తగ్గడంతో పాటు డబ్బు కట్టే పద్ధతి కూడా మారాలి. బంగ్లాదేశ్‌లో జరిగింది అదే.

వాయిదాల దారి

బంగ్లాదేశ్ నదుల దేశం. నదులు దారి మార్చుకుంటూ ఉంటాయి. నది మధ్యలో ఇసుక దీవులు లేస్తాయి. వాటిని అక్కడ 'చర్' అంటారు. జనం ఆ దీవుల మీద కూడా ఇళ్ళు వేసుకుంటారు. అక్కడికి కరెంటు స్తంభాలు వెయ్యడం చాలా కష్టం. 2000 ప్రాంతంలో ఆ దేశంలో ముగ్గురిలో ఒకరికే కరెంటు ఉండేది.

అక్కడ మహమ్మద్ యూనస్ మొదలుపెట్టిన గ్రామీణ్ బ్యాంకు పేద ఆడవాళ్ళకు చిన్న అప్పులు ఇచ్చేది. 2006లో ఆయనకు, ఆ బ్యాంకుకు కలిపి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ బ్యాంకు కుటుంబంలోనే 1996లో 'గ్రామీణ్ శక్తి' అనే సంస్థ పుట్టింది. పల్లె ఇళ్ళకు సోలారు అమ్మడం దాని పని.

మొదట్లో అమ్మకాలు మెల్లగా సాగాయి. జనానికి సోలారు మీద నమ్మకం లేదు. ధర కూడా ఎక్కువే. అప్పుడు ఆ సంస్థ వాయిదాల పద్ధతి పెట్టింది. దానిలో ఒక రకం ఇట్లా ఉండేది. ధరలో నూటికి 15 వంతులు ముందు కట్టాలి. మిగిలింది మూడేళ్ళలో, 36 వాయిదాల్లో కట్టాలి. దాని మీద ఏడాదికి నూటికి 6 చొప్పున అదనంగా కట్టాలి.

బంగ్లాదేశ్ డబ్బును టాకా అంటారు. ఒక సెట్టు ధర 28,000 టాకాలు అనుకుని లెక్క చూద్దాం.

ముందు కట్టేది: 4,200 టాకాలు.
మిగిలిన బాకీ: 23,800 టాకాలు.
మూడేళ్ళకు అదనం: 4,284 టాకాలు.
వాయిదాల్లో కట్టాల్సిన మొత్తం: 28,084 టాకాలు.
నెల వాయిదా: సుమారు 780 టాకాలు.

28,000 టాకాలు ఒక్కసారి తెమ్మంటే తేలేని ఇల్లు, నెలకు 780 టాకాలు కట్టగలదు. ఎందుకంటే కిరసనాయిలుకు, సెల్లులకు, ఫోను చార్జింగుకు నెలనెలా పోయే డబ్బు ఉండనే ఉంది. ఆ డబ్బే ఇటు తిరుగుతుంది. తక్కువ పడితే కొంత కలపాలి. మూడేళ్ళు గడిస్తే సెట్టు సొంతం. తర్వాత నెల వాయిదా లేదు.

చాలామంది ఆ వెలుగును పనికి కూడా వాడుకున్నారు. చిన్న కొట్టు రాత్రి కూడా తెరిచి ఉంచారు. రాత్రిపూట కుట్టుపని చేశారు. కొందరు ఇరుగుపొరుగు వాళ్ళ ఫోన్లకు డబ్బులు తీసుకుని చార్జింగు పెట్టారు. అట్లా వచ్చిన నాలుగు డబ్బులు కూడా వాయిదాకు ఆసరా అయ్యాయి.

వడ్డీలో ఒక మెలిక

పై లెక్కలో ఒక సంగతి గమనించాలి. ఏడాదికి నూటికి 6 అంటే చాలా తక్కువ అనిపిస్తుంది. నెలకు నూటికి అర్ధ రూపాయి అన్నమాట. ఊళ్ళో మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 36. దానితో పోలిస్తే ఇది ఎంతో మేలు.

కానీ ఈ 6 చివరిదాకా మొదటి బాకీ మీదే వేశారు. మొదటి నెలలో బాకీ 23,800. చివరి నెలకు బాకీ కొన్ని వందలే. అయినా అదనం మాత్రం 23,800 మీదే. తగ్గుతున్న బాకీ మీద లెక్కేస్తే ఇది నూటికి దాదాపు 11 అవుతుంది.

ఇది మోసం కాదు. ముందే చెప్పి వేసే పద్ధతే. కానీ అప్పు తీసుకునేవాళ్ళకు ఈ తేడా తెలియాలి. ఏ వస్తువు వాయిదాల్లో కొన్నా రెండు ప్రశ్నలు అడగాలి. వడ్డీ మొదటి మొత్తం మీదా, తగ్గుతున్న బాకీ మీదా? అన్నీ కలిపి చివరికి ఎంత కడతాం? రెండో ప్రశ్నకు జవాబు కాగితం మీద రాయించుకుంటే ఇంకా మంచిది.

అమ్మేవాళ్ళకు డబ్బు ఎక్కడిది?

ఒక గాజుల గంప ఆమె ఉందనుకుందాం. ఆమె పది ఇళ్ళకు గాజులు అరువిచ్చింది. డబ్బు వచ్చేది పంట చేతికొచ్చాకే. పదకొండో ఇంటికి ఇద్దామంటే గంపలో గాజులు లేవు. కొత్తవి తెద్దామంటే చేతిలో డబ్బు లేదు.

సోలారు అమ్మే సంస్థలకూ ఇదే ఇబ్బంది వచ్చింది. సెట్లు వాయిదాల మీద ఇచ్చేస్తే డబ్బు మూడేళ్ళ దాకా తిరిగి రాదు. మరి కొత్త సెట్లు ఎట్లా కొంటారు?

అందుకని బంగ్లాదేశ్ ప్రభుత్వం 2003లో ఒక పథకం పెట్టింది. ప్రభుత్వానికి చెందిన 'ఇడ్‌కాల్' అనే ఆర్థిక సంస్థ దాన్ని నడిపింది. ప్రపంచ బ్యాంకు, ఇంకా ఇతర సంస్థలు డబ్బు సాయం చేశాయి. ఊళ్ళో ఒక సంస్థ సెట్టు బిగించి ఇడ్‌కాల్‌కు చెబుతుంది. ఇడ్‌కాల్ మనుషులు ఊరికి వచ్చి తనిఖీ చేస్తారు. పని సరిగా ఉంటే, ఆ సంస్థకు వాయిదాల మీద ఇరుక్కున్న డబ్బులో ఎక్కువ భాగం తక్కువ వడ్డీకి అప్పుగా ఇస్తారు. ఆ డబ్బుతో సంస్థ ఇంకో ఇంటికి సెట్టు పెడుతుంది.

ప్రభుత్వం కొంత సబ్సిడీ కూడా ఇచ్చింది. ఐతే అది మొదట్లో ఎక్కువ, తర్వాత తక్కువ. పలక ధర దిగుతున్న కొద్దీ సబ్సిడీ తగ్గించుకుంటూ వచ్చారు. చివరికి చిన్న సెట్లు కొనే పేదవాళ్ళకే మిగిల్చారు.

50కి పైగా సంస్థలు ఈ పథకంలో చేరాయి. 2008 లోపు 50 వేల సెట్లు పెట్టాలని మొదట అనుకున్నారు. మూడేళ్ళు ముందుగానే, 2005లోనే, ఆ లెక్క దాటింది.

చెడిపోతే ఎవరు చూస్తారు?

దీపం ఆరిపోతే వాయిదా కట్టడానికి ఎవరికి మనసొస్తుంది? అందుకే అక్కడ మరమ్మతును కూడా అమ్మకంలో భాగం చేశారు. వాయిదా వసూలుకు వచ్చిన మనిషే సెట్టును కూడా చూస్తాడు. పలకకు 20 ఏళ్ళు, బ్యాటరీకి 5 ఏళ్ళు గ్యారంటీ ఇచ్చారు.

గ్రామీణ్ శక్తి పల్లెల్లో సాంకేతిక కేంద్రాలు పెట్టింది. వాటిని నడిపింది ఆడ ఇంజనీర్లు. అక్కడ పల్లె ఆడవాళ్ళకు శిక్షణ ఇచ్చారు. కంట్రోలరు డబ్బాలు బిగించడం, దీపాలు తయారుచేయడం, చెడిపోయినవి బాగుచేయడం నేర్పారు. మగవాళ్ళు పగలు పనికి పోతారు. సెట్టు వాడేదీ, కనిపెట్టుకుని ఉండేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. ఇంటికి వచ్చి బాగుచేసే మనిషి కూడా ఆడమనిషే ఐతే వాళ్ళకు మాట్లాడటం సులువు.

మన దేశంలోనూ ఇట్లాంటి పని జరిగింది. రాజస్థాన్‌లో తిలోనియా అనే ఊరు ఉంది. అక్కడ బంకర్ రాయ్ 1972లో ఒక సంస్థ మొదలుపెట్టారు. దాని పేరు బేర్‌ఫుట్ కాలేజీ. అంటే చెప్పులు లేని కాళ్ళవాళ్ళ కాలేజీ. చాలా దేశాల పల్లెల నుంచి ఆడవాళ్ళు అక్కడికి వచ్చి ఆరు నెలలు సోలారు పని నేర్చుకున్నారు. వాళ్ళలో చాలామంది అమ్మమ్మలు, నాయనమ్మలు. చదవడం రాయడం రానివాళ్ళే ఎక్కువ. ఒకరి భాష ఒకరికి తెలియదు. సైగలతో, రంగుల గుర్తులతో నేర్పారు. ఈ వైరు ఏ రంగు, ఆ రంగు ఎక్కడ కలపాలి అని చూపించారు. తిరిగి వెళ్ళి వాళ్ళు తమ ఊళ్ళలో దీపాలు బిగించారు.

రోజుకింత అని కట్టడం

నెల వాయిదా అందరికీ సరిపడదు. నెల జీతం వచ్చేవాళ్ళకు నెల వాయిదా సులువు. రోజు కూలివాళ్ళకు, బండి మీద అమ్ముకునేవాళ్ళకు డబ్బు రోజూ వస్తుంది, రోజూ పోతుంది.

కర్ణాటకలో 1995 నుంచి 'సెల్కో' అనే సంస్థ ఇళ్ళకు సోలారు పెడుతోంది. దాన్ని మొదలుపెట్టినవాళ్ళలో హరీష్ హందే ఒకరు. 2011లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. నెలకు 300 రూపాయలు కట్టలేను, రోజుకు 10 అయితే కడతాను అని ఒక వీధి వ్యాపారి తనకు చెప్పిన సంగతి ఆయన సభల్లో చెబుతుంటారు. రెండూ ఒకటే మొత్తం. కానీ రోజు వ్యాపారం చేసేవాళ్ళకు రెండూ ఒకటి కాదు. ఆ సంస్థ గ్రామీణ బ్యాంకుల దగ్గరికి వెళ్ళి సోలారుకు అప్పులిచ్చేట్టు ఒప్పించింది. ఎవరి రాబడికి తగ్గట్టు వాళ్ళకు వాయిదాలు కుదిర్చింది.

ఆఫ్రికాలోని కెన్యా దేశంలో ఇంకో పద్ధతి వచ్చింది. అక్కడ 2007 నుంచి సెల్‌ఫోన్ ద్వారా డబ్బు పంపుకుంటున్నారు. 2012లో 'ఎం-కోపా' అనే కంపెనీ ఆ ఫోను డబ్బుతోనే సోలారు అమ్మడం మొదలుపెట్టింది. అక్కడి డబ్బు షిల్లింగు. ముందు సుమారు 3,000 షిల్లింగులు కడతారు. తర్వాత ఏడాదిపాటు రోజుకు 40 షిల్లింగులు కట్టాలి. కొన్నాళ్ళకు దాన్ని 50 చేశారు. అప్పటికి ఇంట్లో రోజూ కిరసనాయిలుకు అయ్యే ఖర్చు కూడా దాదాపు అంతే. దానికి ఒక చిన్న పలక, రెండు మూడు దీపాలు, ఫోను చార్జింగు, రేడియో వచ్చేవి.

డబ్బు కట్టకపోతే? ఆ రోజుకు సెట్టు ఆగిపోతుంది. కంపెనీ దూరం నుంచే ఆపేస్తుంది. మళ్ళీ కడితే మళ్ళీ వెలుగుతుంది. ఇంటికొచ్చి గొడవ పెట్టేవాళ్ళు ఉండరు. కానీ ఇంట్లో జబ్బు చేసి డబ్బు లేని రోజునే దీపం కూడా ఆరిపోతుంది. ఈ పద్ధతిలో మేలూ ఉంది, కష్టమూ ఉంది.

ఎక్కడ దెబ్బ తగిలింది?

బంగ్లాదేశ్ పథకం అన్ని రోజులూ నల్లేరు మీద బండిలా సాగలేదు. 2013 దాకా అమ్మకాలు పెరిగాయి. ఆ తర్వాత పడిపోయాయి.

మొదటి కారణం మంచిదే. ప్రభుత్వం కరెంటు లైన్లు వేగంగా వేసింది. 2022 మార్చిలో దేశమంతటికీ కరెంటు అందించామని ప్రకటించింది. లైను కరెంటు వస్తే ఫ్యాను తిరుగుతుంది, టీవీ నడుస్తుంది. చిన్న సోలారు సెట్టుతో అన్నీ నడవవు. వాయిదాలు మిగిలి ఉండగానే ఊరికి కరెంటు వస్తే, కొన్నవాళ్ళకు కట్టబుద్ధి కాలేదు. కొన్న ఏడాదిలోపు కరెంటు వస్తే సెట్టును తగ్గించిన ధరకు వెనక్కి తీసుకునే ఏర్పాటు పథకంలో ఉంది. ఏడాది దాటినవాళ్ళకు అది లేదు.

రెండో కారణం, ప్రభుత్వమే ఇంకో పథకం కింద కొన్ని ఊళ్ళలో సెట్లు ఉచితంగా పంచింది. పక్కింటికి ఊరికే వచ్చిన వస్తువుకు నేనెందుకు నెలనెలా కట్టాలి అని జనం అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ వాయిదాలు ఆగిపోయేసరికి సంస్థలకు డబ్బు రాలేదు. సంస్థలు తమ అప్పు తీర్చలేక, మనుషులను తగ్గించుకున్నాయి. మరమ్మతుకు వచ్చే మనిషి రావడం మానేశాడు.

మూడో కారణం, బజారులో నాసిరకం సెట్లు వచ్చాయి. అవి చవక. ఐతే వాటిని ఎవరూ తనిఖీ చేయలేదు. చెడిపోతే అడిగే దిక్కు లేదు.

ఇంకో ప్రమాదం పాత బ్యాటరీలది. వాటిలో సీసం ఉంటుంది. సీసం విషం. పిల్లల బుర్ర ఎదగకుండా చేస్తుంది. పాత బ్యాటరీని ఇంటి దగ్గర పగలగొట్టకూడదు, కరిగించకూడదు. పాత ఇనుము వాళ్ళకు అమ్మకుండా, అమ్మిన కొట్టుకే తిరిగి ఇచ్చి కొత్తదానిలో ధర తగ్గించుకోవాలి.

తెలుగు ఊళ్ళలో

తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు దాదాపు అన్ని ఊళ్ళకూ కరెంటు ఉంది. అందుకని ఇక్కడ ఇంటి సోలారు వేరే రూపంలో వస్తోంది. ఇంటి మీద పలకలు పెట్టి వాటిని కరెంటు లైనుకే కలుపుతారు. పగలు ఎక్కువైన కరెంటు లైనులోకి పోతుంది. రాత్రి లైను నుంచి తీసుకుంటాం. మీటరు రెండూ లెక్కపెడుతుంది. కరెంటు బిల్లు తగ్గుతుంది.

దీనికోసం కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో 'ప్రధానమంత్రి సూర్య ఘర్' పథకం మొదలుపెట్టింది. ఆ పథకంలో ఒక కిలోవాటుకు 30,000 రూపాయలు, రెండు కిలోవాట్లకు 60,000 రూపాయలు, మూడు కిలోవాట్లకు, ఆపైన ఎంతకైనా 78,000 రూపాయలు సబ్సిడీ అని చెప్పారు. ఐతే సబ్సిడీ డబ్బు సెట్టు బిగించాకే బ్యాంకు ఖాతాలో పడుతుంది. ముందు మొత్తం ఖర్చు పెట్టాలి, లేదా బ్యాంకు అప్పు తీసుకోవాలి. అంటే పాత చిక్కు ఇక్కడ కూడా ఉంది. డబ్బంతా ఒక్కసారి ఎట్లా తేవాలి?

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన సోలారు, లైను కరెంటు పోతే ఆగిపోతుంది. నెత్తిమీద ఎండ కాస్తున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. లైను బాగుచేసేవాళ్ళకు షాకు కొట్టకుండా అట్లా ఏర్పాటు చేశారు. ఈ సంగతి కొనే ముందే తెలియాలి.

కొనే ముందు అడగాల్సినవి

సోలారు చిన్నదైనా, పెద్దదైనా ఈ ప్రశ్నలు అడగాలి.

1. ముందు ఎంత కట్టాలి? నెలకు ఎంత? ఎన్ని నెలలు? అన్నీ కలిపి ఎంత?
2. వడ్డీ మొదటి మొత్తం మీదా, తగ్గే బాకీ మీదా?
3. ఒక నెల కట్టలేకపోతే ఏం చేస్తారు?
4. పలకకు ఎన్నేళ్ళ గ్యారంటీ? బ్యాటరీకి ఎన్నేళ్ళు? ఆ కాగితం ఎవరి దగ్గర ఉంటుంది?
5. చెడిపోతే ఎవరు వస్తారు? ఎంత దూరం నుంచి వస్తారు?
6. పాత బ్యాటరీ ఎవరు తీసుకుంటారు?
7. ఏం నడుస్తాయి, ఏం నడవవు?

సెట్టు వచ్చాక ఇంట్లో చేసే పని కొంచెమే. పలక మీద చెట్టు నీడ పడకూడదు. దుమ్ము పడితే తడి గుడ్డతో తుడవాలి. నీళ్ళు పోసే రకం బ్యాటరీ ఐతే అప్పుడప్పుడు నీటి మట్టం చూడాలి. తగ్గితే డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి. బావి నీళ్ళు, కుళాయి నీళ్ళు పొయ్యకూడదు. దీపాలు ఆగిపోయాయని కంట్రోలరును తప్పించి నేరుగా బ్యాటరీకి వైరు కలపకూడదు. అట్లా చేస్తే ఒక్క రాత్రి వెలుగు కోసం బ్యాటరీయే పోతుంది.

బంగ్లాదేశ్‌లో 41 లక్షల సెట్లు ఎట్లా వెలిగాయో చూస్తే మూడు సంగతులు కనిపిస్తాయి. వస్తువు ధర దిగింది. డబ్బు కొంచెం కొంచెంగా కట్టే దారి దొరికింది. చెడిపోతే బాగుచేసే మనిషి ఊళ్ళోనే ఉన్నారు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా దీపం ఎక్కువ రోజులు వెలగదు.

ఆలోచించండి, చర్చించండి

1. మీ ఇంట్లో నెలకు కరెంటుకు, గ్యాసుకు, ఫోనుకు ఎంత ఖర్చవుతోంది? ఏడాదికి కలిపి లెక్క వేయండి.
2. మీ పొదుపు సంఘంలో అప్పు వడ్డీ ఏ పద్ధతిలో వేస్తున్నారు?
3. ఇంట్లో ఒక్క దీపమే పెట్టే వీలుంటే అది ఎక్కడ పెట్టాలి? వంటింట్లోనా, వసారాలోనా? ఎవరు నిర్ణయించాలి?
4. కొందరికి ఉచితంగా ఇచ్చి కొందరిని వాయిదాలు కట్టమంటే ఏమవుతుంది?
5. మీ ఊళ్ళో ఎవరైనా ఆడవాళ్ళు కరెంటు పని నేర్చుకున్నారా? నేర్చుకుంటే ఊరికి ఏం మేలు?